ఆ "అందరూ" ఎంతమంది?

ప్రశ్న: మా అమ్మాయి మెడిసిన్ అనుకుంది, సీటు రాలేదు. ఏడాది వృథా కాకూడదని డిగ్రీలో బోటనీకి చేర్పించాం. దానికి భవిష్యత్తు లేదని అందరూ అంటున్నారు. తనేమో గ్లాసు మీద ఉల్లిపాయ పెట్టుకుని, వేర్లు వచ్చాయా అని చూస్తూ కూర్చుంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అందరూ అంటే ఎంతమందండీ? వాళ్లలో బోటనీ చదివినవాళ్లు ఎందరు?

ఎగతాళి కాదు, అలవాటు. ఫిజిక్స్ కోసం వెళ్తే సీట్లు అయిపోయాయని నన్ను స్టాటిస్టిక్స్‌లో వేశారు. మొదటి ఏడాదంతా ఏడుపు మొహంతోనే తిరిగాను. ఆ ఫార్ములాలు సగం మరిచిపోయాను గానీ, ఎవరేం చెప్పినా "ఎంతమందిని అడిగి చెబుతున్నారు?" అనడం మాత్రం పోలేదు. ఈ ఉద్యోగంలో నాకు తిండి పెడుతున్నది ఆ ప్రశ్నే.

ఇక ఆ ఉల్లిపాయ సంగతి. లేత వేరు కొనను తుంచి, రంగు పట్టించి, గాజు పలక మీద నొక్కి మైక్రోస్కోపులో పెడితే, విడిపోతున్న కణాల్లో క్రోమోజోములు, అంటే వంశ లక్షణాలను మోసే పోగులు, కనిపిస్తాయి. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో బార్బరా మెక్లింటాక్ అనే శాస్త్రవేత్త మొక్కజొన్న మీద చేసిన పని కూడా ఇలా క్రోమోజోములను చూడటంతోనే మొదలైంది. 1921లో ఆమె డిగ్రీ విద్యార్థినిగా జెనెటిక్స్ కోర్సు చదివింది. అది ముగియగానే, పీజీ వాళ్ల క్లాసుకు కూడా రమ్మని లెక్చరర్ ఫోన్ చేశారు. తన దారి తేలిపోయింది ఆ ఫోన్‌తోనే అని తర్వాత ఆమే రాసుకుంది. 1927లో ఆమె డాక్టరేట్ తీసుకున్నది బోటనీలో. 1983లో నోబెల్ వచ్చింది మాత్రం వైద్యశాస్త్రంలో. ఒక్కరి కథతో ఏదీ రుజువు కాదని నా స్టాటిస్టిక్సే చెబుతుంది, అది వేరే విషయం.

చేయాల్సినవి తక్కువే. మళ్లీ మెడిసిన్‌కు రాస్తుందా లేదా అన్నది తననే తేల్చుకోనివ్వండి. రాస్తే ఒక్కసారి, ఫలానా తేదీ వరకు అని ముందే అనుకోండి. రెండు పడవల మీద కాళ్లు పెట్టిస్తే రెండూ పోతాయి. రాయనంటే, జెనెటిక్స్, మైక్రోబయాలజీ, విత్తన శాస్త్రం, బయో ఇన్ఫర్మాటిక్స్ లాంటి పీజీ కోర్సుల అర్హత నిబంధనలు ఇప్పుడే తీసి చదవండి. కొన్నిటికి డిగ్రీలో కెమిస్ట్రీ ఉండాలంటారు, కొన్నిటికి లెక్కలు అడుగుతారు. ఆ సంగతి మూడో ఏడాదిలో తెలిసి ఏడ్చినవాళ్లను చాలామందినే చూశాను. తోడు సబ్జెక్టు ఎంచుకునే ముందే చూసుకుంటే ఆ బాధ ఉండదు.

ఏడాది చివర, ఏ పేపరుకు ఎవరూ చెప్పకుండానే కూర్చుని చదివిందో అడగండి. ఒక్కటీ లేదంటే అప్పుడు సబ్జెక్టు మార్చడం గురించి మాట్లాడదాం, అందులో నామోషీ ఏమీ లేదు.

ఈలోగా ఆ గ్లాసు మాత్రం తీసి పారేయకండి. నీళ్లు రోజూ మార్చమనండి, లేకపోతే వేర్లు కుళ్లిపోతాయి.