ఏట్లో దిగే ముందు

చిన్నీ,

నిన్న మీ నాన్న ఫోన్ చేసి, "అక్కా, నీ మేనకోడలు ఏట్లో పురుగులు లెక్కపెడుతుందట, అదీ ఏడాది పొడుగునా" అన్నాడు. పైకి నవ్వానే గానీ రాత్రి నిద్ర పడితే ఒట్టు. సంబరం సగం, భయం సగం.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. దిగువ నుంచి ఎగువకు పట్టుకుంటూ వెళ్లు. వల నోరు ఎగువకి ఉండాలి. సీసాలో వేసే చీటీ పెన్సిల్‌తో రాయి, పెన్ను సిరా పురుగుల్ని దాచే ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. మర్నాడు ఆల్కహాల్ మార్చు, పురుగుల ఒంట్లో నీరు దాన్ని పలచన చేస్తుంది.

ఇక నా తప్పు. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వాగులో మురుగు కలిసే చోటికి ఎగువనా దిగువనా పురుగులు పట్టుకు రమ్మన్నారు. ఎగువన నీళ్లు మోకాలి లోతున రాళ్ల మీద గలగలా పారుతున్నాయి. రాయి తిప్పితే మేఫ్లై అనే రెక్కపురుగు పిల్లలు, రాతికి అంటించినంత పల్చగా, ప్రవాహం తోసెయ్యకుండా అణిగి ఉన్నాయి. పక్క రాతి మీద కాడిస్‌ఫ్లై పిల్ల అల్లుకున్న చిటికెడు వల, దాని నోరూ ఎగువకే. అంచున నల్లఈగ లార్వాలు, రాతికి తామే అంటించుకున్న పట్టు చుక్కలోకి వెనక కొక్కేలు గుచ్చి, తల మీది తిండి పట్టే విసనకర్రలు చాచుకుని. తిండీ ఆక్సిజనూ మోసుకొచ్చేది ఆ పారే నీరే. నీరు ఆగితే వాటి పని అయిపోయినట్టే.

దిగువన ప్రవాహం ఇంకా జోరు. రెండడుగులు వేశానో లేదో, పాచి పట్టిన రాయి మీద కాలు జారింది. వల కొట్టుకుపోయింది, నన్ను రెక్క పట్టి లాగారు. ఆ వణుకులో మళ్లీ దిగలేక, అక్కడికి దగ్గర్లోనే మడుగు ఒడ్డున బురదలో ఇంకో వల తిప్పి పని అయిందనిపించాను. దొరికినవి ఎర్రపురుగులు. మురుగుని తట్టుకోలేని స్టోన్‌ఫ్లై పిల్ల ఒక్కటీ లేదు. "మురుగుతో వాగు చచ్చింది" అని రాసి ఇచ్చాను, పైవాళ్లు సంతకం పెట్టారు.

మరుసటి ఏడు అదే రోజుల్లో ఇంకొకరు ఆ జోరులోకే దిగారు. రాతి కింద స్టోన్‌ఫ్లై పిల్లలు, రెండేసి తోకలతో, నిక్షేపంగా ఉన్నాయి. నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఎర్రపురుగుల ఎరుపు హిమోగ్లోబిన్‌దే, ఆక్సిజన్ తక్కువైన బురదలో బతకడానికి. మురుగు లేకపోయినా మడుగులో అవే ఉంటాయి. మురుగు వల్ల చెడు జరగలేదని అనను, ఎంత జరిగిందో నా లెక్కలో తేలలేదు. నేను పోల్చింది రాళ్లనీ బురదనీ. ఇన్నేళ్లయినా ఆ కాగితం గుర్తొస్తే కడుపులో తిప్పుతుంది.

అందుకని పురుగుల పేర్ల కంటే ముందు లోతు, వేగం, రాళ్ల సైజు, సందుల్లో ఇసుక ఎంత పూడిందీ రాసుకో. సందులు పూడితే రాయి ఉన్నా పురుగుకి ఇల్లు లేనట్టే. సగటు వేగం కావాలంటే ప్రవాహం కొలిచే మీటరుని పైనుంచి లోతులో 0.6 వంతు దగ్గర పెట్టు. చివరి వరద ఎప్పుడొచ్చిందో కూడా రాయి. వరద చాలావాటిని ఊడ్చేస్తుంది, గులకరాళ్ల అడుగుకు దూరినవి మిగులుతాయి, మిగతావి తిరిగి చేరడానికి వారాలు పడుతుంది. వరద మర్నాడే వెళ్లి "పురుగులు లేవు" అని బెంబేలు పడకు.

ఆనకట్ట దిగువన కూడా ఒక చోటు ఎంచుకున్నావట. కరెంటు కోసం నీళ్లు వదిలితే నిమిషాల్లో మట్టం లేస్తుంది. ఒడ్డు రాళ్ల మీది పురుగులు ఒక పూట కొట్టుకుపోతాయి, ఒక పూట ఎండిపోతాయి. వాటి సంగతి నువ్వు చూసుకో, నాకు నీ గురించే టెన్షన్. వదిలే వేళలు కనుక్కోకుండా దిగితే ఊరుకోను. ఒంటరిగా అసలు వద్దు. రాత్రి ప్రవాహంలో కొట్టుకొచ్చే పురుగుల్ని పడతానన్నావట, నిజమే, చీకటి పడగానే అవి ఎక్కువ. వల పగలే కట్టేసి ఒడ్డున కూర్చో, తల్లీ.

దిగలేని చోట నీ పట్టికలో ఆ గడిలో "తీసుకోలేదు" అని రాయి. పక్క చోటిది తెచ్చి నింపకు. మీ సార్ అరిస్తే నా పేరు చెప్పు.

అటక మీద నా పాత వెదురుకర్ర దొరికింది, మీ నాన్నతో పంపుతున్నా. లోతు గీతలు అరిగిపోయాయి, కొత్తగా గీసుకో.

మీ అత్తయ్య