ప్రొఫెషనల్ బాక్సింగ్‌తో బతకవచ్చా? ఏడేళ్లు ఆడిన నా అనుభవం

అమెచ్యూర్‌లో, అంటే సంపాదన కోసం కాని పోటీల్లో, ముప్పైకి పైగా బౌట్లు ఆడానని, ఇప్పుడు ప్రొఫెషనల్‌గా మారితే ఆ సంపాదనతో బతకగలనా అని అడిగారు. నేను ఏడేళ్లలో పదకొండు ప్రొఫెషనల్ బౌట్లు ఆడాను. ఏడు గెలిచాను, నాలుగు ఓడాను. ఆ ఏడేళ్లూ ఉద్యోగం మాత్రం మానలేదు. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది.

ఏడేళ్లకు పదకొండేనా అనుకుంటున్నారేమో. ఒప్పుకొని, వారాల తరబడి సిద్ధమై, చివరికి రద్దయినవి మరో తొమ్మిది ఉన్నాయి. మహిళల్లో ఒక్కో బరువు విభాగంలో ఆడేవాళ్లే తక్కువ. ప్రత్యర్థికి వేలు విరిగితే ఆమె స్థానంలో దించడానికి మరొకరు దొరకరు. ఒకసారి, బౌటుకు ముందు బరువు చూసే తూకానికి రెండు రోజులు ఉందనగా, రద్దయిందని ఫోను వచ్చింది. అప్పటికి బరువు తగ్గడానికి ఉప్పు మానేసి, నీళ్లు కొలుచుకుని తాగుతున్నాను. ఫోను పెట్టేసి ఒక లీటరు నీళ్లు గటగటా తాగాను. ఆ బౌటుకు నాకు రూపాయి కూడా రాలేదు. ఒప్పందంలో రద్దు పరిహారం అనే మాటే లేదని ఆ రోజే కాగితం తీసి చూసుకున్నాను.

అమెచ్యూర్‌లో ప్రత్యర్థిని డ్రా, అంటే చీటీల ఎంపిక, నిర్ణయిస్తుంది. ఇక్కడ ప్రత్యర్థిని డబ్బిచ్చి తెస్తారు. ముందు ఈ తేడా అర్థం చేసుకోండి. చిన్న కార్యక్రమాల్లో టికెట్లు అమ్మగలిగిన బాక్సర్‌కే పోటీలు ఏర్పాటు చేసే ప్రమోటర్ మొగ్గు చూపుతాడు, ఆమె గెలవగలిగే ప్రత్యర్థినే వెతుకుతాడు. టికెట్లు అమ్మలేనివాళ్లను ఆ రెండో మూలకు, అంటే ఆ ప్రత్యర్థిగా, పిలుస్తారు. నా తొలి బౌటుకు ముందు మూడు వారాలు స్పారింగ్ (సాధన పోరు) కంటే టికెట్లు పట్టుకుని తిరగడమే ఎక్కువైంది. వచ్చిన దాంట్లో ట్రైనర్‌కు పదోవంతు, మేనేజర్ ఉంటే అతని వాటా, లైసెన్సు రుసుము, రక్త పరీక్షలు, కళ్ల పరీక్ష, మెదడు స్కానింగ్, బౌటుకు ముందు గర్భ పరీక్ష. అన్నీ పోగా మిగిలినది ఎంతో ఇంట్లో చెప్పలేదు.

ఇక రింగు సంగతి. హెడ్‌గార్డ్ ఉండదు. నా విభాగంలో గ్లవ్స్ 10 ఔన్సుల నుంచి 8కి దిగాయి. రెండు ఔన్సులే కదా అనుకున్నాను. మొదటి కుడి హుక్ తగిలాక ఆ మాట మళ్లీ అనలేదు. చేతులకు గాజుగుడ్డ, టేపు చుడుతుంటే ప్రత్యర్థి వైపు మనిషి ఎదురుగా నిలబడి చూస్తాడు. చుట్టడం అయ్యాక అధికారి మార్కర్‌తో టేపు మీద సంతకం చేస్తాడు. ఆ సంతకం పడకముందే మరుగుదొడ్డికి వెళ్లి రావాలని నాకు ఎవరూ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

విచిత్రం ఏమిటంటే, అమెచ్యూర్‌లో మీరు ఇప్పుడు మూడేసి నిమిషాల మూడు రౌండ్లు ఆడుతున్నారు. ప్రొఫెషనల్ తొలి బౌటు సాధారణంగా రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు. అంటే తొమ్మిది నిమిషాల నుంచి ఎనిమిదికి! ప్రపంచ టైటిల్ అయితే సాధారణంగా మహిళలకు రెండు నిమిషాల రౌండ్లు పది, పురుషులకు మూడు నిమిషాల రౌండ్లు పన్నెండు. ప్రత్యర్థి చేతుల అడ్డు (గార్డు) ఎక్కడ తెరుచుకుంటోందో కనిపెట్టేసరికి గంట మోగుతుంది. నాకౌట్లు సహజంగానే తగ్గుతాయి. ఆపైన ప్రమోటర్లే ‘మహిళల బౌట్లలో నాకౌట్లు ఉండవండీ’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ప్రపంచ ఛాంపియన్ అమాండా సెరానో 2023 అక్టోబరులో మూడు నిమిషాల రౌండ్లు పన్నెండు ఆడి గెలిచింది. అలాంటి రౌండ్లకు, ప్రపంచ టైటిళ్లిచ్చే సంస్థల్లో ఒకటైన డబ్ల్యూబీసీ ససేమిరా అనడంతో తర్వాత ఆ సంస్థ బెల్టునే వదిలేసింది.

సెరానో పేరు వచ్చింది కాబట్టి డబ్బు గురించి ఇంకో మాట. 2022 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కేటీ టేలర్, సెరానో తలపడినప్పుడు ఇద్దరికీ పది లక్షల డాలర్లకు తక్కువ కాకుండా ముట్టింది. అక్కడ మహిళల బౌటు ప్రధాన పోరుగా జరగడం అదే మొదటిసారి. ఆ అంకెను చూసి నిర్ణయం తీసుకోవద్దు. టేలర్ 2012 ఒలింపిక్ స్వర్ణంతో వచ్చిన మనిషి. సెరానో అప్పటికే ఏడు బరువు విభాగాల్లో ప్రపంచ టైటిళ్లు గెలిచింది. వాళ్లకు కింద ఉన్న మెట్ల మీద ఎంత ఇస్తారో నాలాంటి వాళ్లను అడగండి.

బరువు దగ్గర నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. నాది 57 కిలోల విభాగం. ఏడాదిపాటు ప్రత్యర్థి దొరకక, విసుగెత్తి 61 కిలోల విభాగంలో ఒక బౌటుకు ఒప్పుకున్నాను. తూకం ముందురోజే అయిపోతుంది, తర్వాత ఎంత తిన్నా అడిగేవాళ్లు ఉండరు. నేను బట్టలతో 59 తూగాను. ప్రత్యర్థి పొడిబారిన పెదవులతో సరిగ్గా 61కి దిగి, మరునాటికి బరువు తిరిగి పెంచుకుని నిండుగా తయారై వచ్చింది. మొదటి రౌండులో నన్ను పట్టుకుని తాళ్ల మీదికి వాలగానే నాకు విషయం అర్థమైంది. ఆరు రౌండ్లూ ఆమె నన్ను కొట్టిన దానికంటే నా మీద వాలిందే ఎక్కువ. మర్నాడు నొప్పి మెడలోనే, ముఖం మీద ఒక్క గాయం లేదు. పాయింట్ల మీద ఓడాను. ఒప్పుకోవద్దని ట్రైనర్ చెప్పినా వినలేదు.

అయినా మారవద్దని మీకు చెప్పను. నా పేరు పిలిచి లైట్లు వేసిన ఆ పదకొండు రాత్రులను దేనికీ మార్చుకోను. కాకపోతే సంతకం పెట్టే ముందు ఏడాదికి కనీసం ఎన్ని బౌట్లు ఇస్తారో, రద్దయితే ఎంత ఇస్తారో, వైద్య పరీక్షల ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. ఉద్యోగం అప్పుడే వదలకండి.

మీది ఏ బరువు విభాగమో ప్రశ్నలో రాయలేదు. అది రాయండి. అందులో మీకు ప్రత్యర్థులు దొరుకుతారో లేదో చెప్పడానికి ప్రయత్నిస్తాను.