ఆడియన్సా? స్పెక్టేటర్సా?

ప్రశ్న: మా కాలనీ క్రికెట్ టోర్నమెంటు గురించి ఇంగ్లీషులో ప్రెస్‌నోట్ రాస్తూ ‘మెనీ ఆడియన్స్ కేమ్’ అన్నాను. ‘స్పెక్టేటర్స్ అనాలి నాన్నా’ అంటున్నాడు మావాడు. ఎవరైనా చూసేవాళ్ళే కదా?
– ఒక పాఠకుడు, నరసరావుపేట

జవాబు: మీవాడు చెప్పిందే కరెక్టండి. గ్రౌండుకొచ్చి ఆట చూసేవాళ్ళు స్పెక్టేటర్లు. లాటిన్‌లో ‘స్పెక్టారే’ అంటే చూడడం. మనం పెట్టుకునే స్పెక్టకిల్స్‌దీ అదే వంశం. ఆడియన్స్ మాత్రం ‘ఆడిరే’ నుంచి వచ్చింది, అంటే వినడం. ఆడియో, ఆడిషన్, ఆడిటోరియం అన్నీ చెవి బాపతే. ఆఖరికి ఆడిటరు కూడా! పూర్వం లెక్కలు పైకి చదువుతుంటే విని సరిచూసేవాడు. ఇప్పటి ఆడిటర్లు మనం చెప్పేది వినిపించుకోరనేది వేరే సంగతి.

మా మామయ్య రాయబారం నాటకానికి వెళ్తే హార్మోనియం దగ్గరగా చాప వేసుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. పద్యం చివర రాగం అందుకోగానే ‘వన్స్‌మోర్’ అంటూ అందరికంటే ముందు ఆయన గొంతే లేచేది. కృష్ణుడు ఏ రంగు పంచె కట్టాడో అడిగితే చెప్పలేడు. అచ్చమైన ఆడియన్స్ అంటే ఆయనే. తర్వాత్తర్వాత ఆ మాట చెవిని దాటి సినిమాకీ, టీవీకీ పాకింది. అందుకే ఉప్పల్ స్టేడియంలో ఎండకు మాడేవాళ్ళు స్పెక్టేటర్లు, అదే మ్యాచ్ ఇంట్లో ఫ్యాను కింద చూసేవాళ్ళు టీవీ ఆడియన్స్. వ్యూయర్స్ అన్నా సరే.

ఇక ‘మెనీ ఆడియన్స్’ సంగతి. హాలు నిండా జనం ఉన్నా అది ఒక్క ఆడియన్సే. అందుకని ‘ఎ లార్జ్ ఆడియన్స్’ అనాలి. స్పెక్టేటర్లనైతే తలలు లెక్కపెట్టొచ్చు కాబట్టి ‘మెనీ స్పెక్టేటర్స్’ అని నిక్షేపంగా రాయండి. ఆడియన్సెస్ అనే మాట లేకపోలేదు. రోజుకో ఊళ్ళో నాటకం ఆడితే ఊరికో ఆడియన్స్ కదా, అప్పుడు పనికొస్తుంది. ఒక్క ‘ఆడియన్స్’ పక్కన ‘వాజ్’ రావాలా ‘వర్’ రావాలా అని టెన్షన్ పడకండి. అమెరికావాళ్ళు ఎక్కువగా ‘వాజ్’ అంటారు, బ్రిటిష్‌వాళ్ళు రెండూ వాడతారు.

రోడ్డు మీద యాక్సిడెంటైతే మూగి చూసేవాళ్ళు మాత్రం ఆన్‌లుకర్లు. వాళ్ళలో ఒకరు కోర్టుకొచ్చి చూసింది చెబితే విట్నెస్.

ఆడియన్స్‌కి దర్బారు అర్థం కూడా ఉంది. ఢిల్లీ ఎర్రకోటలో చక్రవర్తి జనం మొర వినే దివాన్-ఇ-ఆమ్‌ని ‘హాల్ ఆఫ్ పబ్లిక్ ఆడియన్స్’ అంటారు. బుధవారాల్లో పోప్ భక్తులకిచ్చే దర్శనమూ ఆడియన్సే. టోర్నమెంటు చందా కోసం ఎమ్మెల్యేగారిని కలిసి, ప్రెస్‌నోట్‌లో ‘హాడ్ యాన్ ఆడియన్స్ విత్’ అని రాస్తే ఆయన మురిసిపోతారేమో గానీ, ‘మెట్’ అంటే చాలు.