బీటెక్ సివిల్ తర్వాత ట్రాన్స్‌పోర్టేషన్ ప్లానింగ్‌లో పీహెచ్‌డీ చేయొచ్చా?

గేట్ రాశానని, రోడ్లూ వంతెనలూ కాకుండా జనం ప్రయాణాల మీద పరిశోధన చేస్తే టీచింగ్‌లో భవిష్యత్తు ఉంటుందా అని అడిగారు. ఉంటుంది. పదిహేనేళ్లుగా ఇదే నా పని. అయితే ఆ పని ఎలా ఉంటుందో ముందు తెలియాలి.

పీహెచ్‌డీ మొదట్లో హైదరాబాద్‌లో ఉప్పల్ వైపు ఇంటింటి సర్వేకి వెళ్లాను. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ఒకావిడను "నిన్న ఎక్కడెక్కడికి వెళ్లారమ్మా?" అని అడిగితే, "నేనెక్కడికి పోత బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. ఫారంలో సున్నా వేశాను. లేవబోతుంటే ఆమే, "పొద్దుగాల పిలగాన్ని బడిల దించొచ్చిన, గంతే" అంది. మళ్లీ కూర్చున్నాను. లేచింది మొదలు వరసగా అడుగుతూ పోతే నడిచి బడికి, బడి నుంచి కూరగాయలకి, అక్కణ్నుంచి ఇంటికి, మధ్యాహ్నం అత్తను షేర్ ఆటోలో దవాఖానకు తీసుకెళ్లి రావడం, సాయంత్రం మళ్లీ బడి. ఒకచోటు నుంచి ఇంకోచోటుకి వెళ్తే ఒక ట్రిప్పు. మొత్తం ఏడు ట్రిప్పులు! అంతకుముందు నింపిన ఫారాలు తీసి, సున్నాలున్న ఇళ్లన్నిటికీ మళ్లీ తిరిగాను. 2011 జనగణనలో ప్రయాణ దూరం, వాహనం అడిగారు గానీ, అది పనికి వెళ్లేవాళ్లనే. ఈవిడ నడక అందులోకి రాదు. లెక్కలోకి రాని నడకకి ఫుట్‌పాత్ ఎవరు వేస్తారు?

లెక్కల భయం ఉంటే ఇప్పుడే వదిలించుకోండి. ఎవరు బస్సెక్కుతారు, ఎవరు బండి తీస్తారు అన్నది డిస్క్రీట్ చాయిస్ మోడల్స్‌తో, అంటే ముందున్న కొన్ని మార్గాల్లో మనిషి ఏది ఎంచుకుంటాడో చెప్పే గణిత నమూనాలతో, అంచనా వేస్తాం. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 1972లో బార్ట్ రైళ్లు మొదలవకముందే, పనికి వెళ్లేవాళ్లలో ఎంతమంది వాటిని ఎక్కుతారో అమెరికా ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ బృందం లెక్కగట్టింది. అధికారుల అంచనా 15 శాతం, వీళ్లది 6.3, చివరికి తేలింది 6.2. ఈ మోడల్స్‌కే ఆయనకు 2000లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ప్రాబబిలిటీ, రిగ్రెషన్ గట్టిగా చదవండి. ఈ మోడల్స్ లెక్కగట్టే బయోజీమ్ సాఫ్ట్‌వేర్ ఉచితమే.

ఐఐటీ బాంబే, ఐఐటీ మద్రాస్, ఐఐఎస్‌సీ, వరంగల్ ఎన్‌ఐటీ చూడండి. ఐదేళ్లు పడుతుందనుకునే దిగండి, ఎందుకంటే డేటా చేతికి రావడమే పెద్ద కష్టం. ఒక ఆఫీసులో టికెట్ల వివరాల కోసం ఏడాదిన్నర తిరిగాను, చివరికి ఇవ్వలేదు. బస్‌స్టాపుల్లో నిలబడి సొంతంగా లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

అంశానికైతే ఇప్పుడు కొదవ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి: ఆడవాళ్లకి బస్సు ఉచితం. ఛార్జీ లేకపోతే కొత్తగా ఎవరు గడప దాటుతున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు? నేను ఇప్పుడే చేరుతుంటే ఇదే తీసుకునేవాణ్ని.

దరఖాస్తు పెట్టేముందు మీ ఇంట్లోవాళ్లందరినీ అడిగి నిన్నటి ప్రయాణాలు ఒక కాగితం మీద రాయండి. మొదట అమ్మగారివి. నా దగ్గర చేరాలని వచ్చే ప్రతి విద్యార్థినీ ముందు ఆ కాగితమే అడుగుతాను.