తీర్థన్‌కి బయల్దేరే ముందు

చిన్నీ,

మేలో నలుగురు స్నేహితులతో తీర్థన్ లోయకి ట్రౌట్ అనే చన్నీటి చేపని పట్టడానికి వెళ్తున్నావట. "నువ్వయినా వద్దని చెప్పరా" అని మీ అమ్మ ఫోను. నేను చెప్పను. చెరువులో కొరమీను పట్టిన చెయ్యి హిమాచల్ దాకా వెళ్తోందంటే గర్వంగానే ఉంది. కాకపోతే ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మనాలి బస్సులో ఔట్ సొరంగానికి ముందే దిగి, బంజార్ మీదుగా గుశైనీ చేరండి. మత్స్యశాఖ లైసెన్సు మొదటిరోజే తీసుకో. స్వెటరు మర్చిపోకు.

ఆరున్నర అడుగుల తేలిక రాడ్, చిన్న స్పిన్నింగ్ రీలు, 4 నుంచి 6 పౌండ్ల బరువు ఆపే దారం చాలు. 3 నుంచి 5 గ్రాముల స్పిన్నర్లు (లాగితే గిర్రున తిరిగే రేకున్న ఎరలు) మాత్రం పది కొను, సగం రాళ్లకే సమర్పిస్తావు. మూడు ముళ్ల గాలం తీసేసి ఒంటి ముల్లు తగిలించు. దానికి వెనక్కి తిరిగి ఉండే చిన్న మొనని కటింగ్ ప్లేయరుతో నొక్కెయ్, చేపని వదిలేటప్పుడు నోరు చీరదు. ముడిని ఉమ్మితో తడిపి బిగించు. పొడిగా లాగితే రాపిడికి దారం వేడెక్కి నీరసిస్తుంది, పెద్ద చేప పడ్డరోజే సరిగ్గా అక్కడ తెగుతుంది.

గట్టున కూర్చుని ఎదురుచూసే కొరమీను వేట కాదిది. ట్రౌట్ ఏటికి ఎదురీదుతూ ఒకేచోట నిలబడి, నీరు మోసుకొచ్చే పురుగు కోసం చూస్తుంది. మరీ వడిలో ఉంటే అలసిపోతుంది, నిలవనీట్లో తిండి రాదు. అందుకే బండల వెనకా, వడినీరూ నిదాననీరూ ఒరుసుకునే గీత దగ్గరా ఉంటుంది. దాని తల ఎగువకి కాబట్టి నువ్వు దిగువనుంచి వెళ్లు, నీడ నీళ్లమీద పడనీకు. ఎగువకి విసిరి, ప్రవాహం కంటే కాస్త వేగంగా చుట్టు. నిదానిస్తే రేకు తిరగదు, స్పిన్నరు అడుక్కి పోయి ఇరుక్కుంటుంది. ఒక్కోచోట ఐదారు విసుర్లు, పడకపోతే పైకి జరుగు.

ఇక అసలు సంగతి. నడి ఏట్లో మంచి బండ కనిపిస్తే ఎక్కి నిలబడాలనిపిస్తుంది. ఆ పని చెయ్యొద్దు. 2014 జూన్ 8న థలోట్ దగ్గర బియాస్ నదిలో 24 మంది హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయింది అలా రాళ్లమీదికి దిగే. ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి నీళ్లు వదిలారు. నీ వయసు పిల్లలే, తెలివితక్కువ వాళ్లేం కాదు. ఆనకట్ట కింద రాళ్లు తేలి కనబడితే నీళ్లు లేవని కాదమ్మా, పైన పట్టి ఉంచారని. నీ తీర్థన్ బియాస్‌లో కలిసేదీ ఆ లార్జీ దగ్గరే. సంగమం కిందికి గాలం తీసుకుని దిగకు.

పైన తీర్థన్‌కి ఆనకట్ట లేదుగా అంటావు. మంచు ఉంది. పగటి ఎండకి కరిగిన నీరు మధ్యాహ్నం దాటాక కిందికి వస్తుంది. పొద్దున మోకాలి లోతున్న పాయ సాయంత్రానికి తొడలు తడపొచ్చు. కనక అవతలి ఒడ్డుకి దాటనే వద్దు, రోడ్డున్న వైపే ఉండు. చేరగానే నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకుని, పావుగంటకోసారి చూడు. అది మునిగినా, నీరు మట్టిరంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ తేలివచ్చినా వెంటనే గట్టెక్కు. నీ నెత్తిన ఎండ కాస్తుండగానే పైకొండల్లో వాన పడుతుండొచ్చు.

మోకాలు దాటి దిగకు. జారి పడితే లేచి నిలబడబోకు. పాదం రాళ్ల సందులో ఇరికిందంటే ప్రవాహం మనిషిని వంచి ముంచేస్తుంది. వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకి పెట్టి, ఒడ్డువైపు చేతులాడించు. రాడ్ వదిలెయ్, కొత్తది నేను కొనిస్తాను. అయిదుగురిలో ఒకరు ఎప్పుడూ ఒడ్డున ఉండి ఎగువకి చూస్తుండాలి, ఫోన్లోకి కాదు.

చేప పడిందా, ముట్టుకునే ముందు చెయ్యి తడుపుకో. పొడిచేత్తో పడితే ఒంటిమీది జిగురు పోయి బూజు పడుతుంది. ఎర్రచుక్కలుంటే బ్రౌన్ ట్రౌట్. 1909లో కులూకి తెచ్చిన జాతి, మనలాగే బయటినుంచి వచ్చిందే. నీళ్లలోనే ముల్లు తీసి, తల ఎగువకి పెట్టి పట్టుకో, తనంత తాను జారిపోతుంది.

ఫోటో మీ అమ్మకి పంపుతావుగా. ఒడ్డు మీద నిలబడి తీయించుకో. నీళ్లలో కనబడ్డావో, మళ్లీ నాకే ఫోను.

మీ మావయ్య