గని లెక్కలు వెనక పేజీల్లో ఉంటాయి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గనుల కంపెనీల మీదే ఎక్కువ ప్రశ్నలున్నాయి. అనంతపురంలో ముప్పై ఏళ్లు ఆడిటరుగా పనిచేశాను, మా నాయన తాడిపత్రి దగ్గర బండల క్వారీలో గుమాస్తా. అందుకని ఈ ఉత్తరాలు చూస్తే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మిగతా ప్రశ్నలకు వచ్చే సంచికలో జవాబిస్తాను.

ప్రశ్న: మేడమ్, మాది పత్తికొండ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నిరుడు ఒక యాప్‌లో విదేశీ గనుల కంపెనీ షేర్లు కొన్నాను. వాళ్ల వార్షిక నివేదిక తెరిస్తే మూడు వందల పేజీలు దాటింది, అందులో సగం ఫోటోలే. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఫోటోలు వదిలెయ్ నాయనా. హెల్మెట్ పెట్టుకుని నవ్వే మనుషులు, గని పక్కన నాటిన మొక్కలు ప్రతి కంపెనీ రిపోర్టులోనూ ఉంటాయి. నీ కంపెనీ అమెరికా స్టాక్ మార్కెట్లో కూడా లిస్టయి ఉంటే, ఫారం 20-ఎఫ్ అని ఇంకో పత్రం ఉంటుంది. అమెరికా బయటి కంపెనీలు ఆర్థిక సంవత్సరం ముగిసిన నాలుగు నెలల్లోపు దాన్ని అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇవ్వాలి. ఎస్‌ఈసీ వాళ్ల ఎడ్గార్ సైటులో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. అందులో మదుపుదార్లను తప్పుదారి పట్టించేలా రాస్తే కేసు అవుతుంది. అందుకే అందులో మాటలు ఆచితూచి పడతాయి.

అది తెరిచి, లెక్కల కింద ఉండే నోట్స్‌కి వెళ్లు. నేనైతే రెండు నోట్స్ ముందు చూస్తాను.

మొదటిది ఇంపెయిర్‌మెంట్, అంటే ఆస్తి విలువ పడిపోతే పుస్తకంలో తగ్గించి రాయడం. మన జిల్లాల వాళ్లకి ఇది చెప్పడం సులువు. మూడు లక్షలు పెట్టి బోరు వేశాం, నీళ్లు పడలేదు. బోరు భూమిలోనే ఉంది, పైపూ ఉంది. కానీ పుస్తకంలో ఇంకా మూడు లక్షల ఆస్తి అని రాసుకుంటే అది నిజమవుతుందా? రియో టింటో అనే పెద్ద గనుల కంపెనీ 2011లో మొజాంబిక్‌లో బొగ్గు గనులున్న రివర్స్‌డేల్ కంపెనీని 370 కోట్ల డాలర్లకు కొన్నది. బొగ్గును జాంబెజీ నది మీద పడవల్లో సముద్రానికి చేర్చాలన్నది వాళ్ల ప్లాను. అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. బొగ్గు కూడా అనుకున్నంత లేదు, అనుకున్నంత మంచిదీ కాదు. 2013 జనవరిలో ఆ గనుల విలువను సుమారు 300 కోట్ల డాలర్లు తగ్గించి రాశారు, సీఈఓ వెళ్లిపోయాడు. చివరికి వాటిని 5 కోట్ల డాలర్లకు అమ్మేశారు. తగ్గించి రాయాల్సింది అంతకు ముందే, 2012 అర్ధ సంవత్సర లెక్కల్లోనే కదా అని నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయి. 2017లో బ్రిటన్ సంస్థ 2 కోట్ల 74 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఎస్‌ఈసీ కేసు 2023లో 2 కోట్ల 80 లక్షల డాలర్లతో ముగిసింది. అంటే బోరు ఎండిందని తెలిసిన రోజే పుస్తకంలో దిద్దాలి. ఆ నోట్‌లో లోహం ధర ఎంత ఉంటుందని అనుకున్నారు, ఎన్నేళ్లు తవ్వుతామనుకున్నారు అనేది రాసి ఉంటుంది. నిరుటి రిపోర్టు పక్కన పెట్టి చూడు. మార్కెట్లో ధర పడిపోతున్నా వాళ్ల అంచనా కదలకుండా అక్కడే ఉందంటే అడగాల్సిన ప్రశ్న అదే.

రెండోది గని మూసివేత ఖర్చు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

మా ఊరి పక్కన నాప బండలు తీసి వదిలేసిన గుంత ఒకటుంది. నాలుగు నిలువుల లోతు. అంచుల్లో బండ తెగిన చోట మెట్లు మెట్లుగా నల్లటి గీతలు కనిపిస్తాయి. వానలకు నిండితే నీళ్లు పచ్చగా, కదలకుండా ఉంటాయి. నేను హైస్కూల్లో ఉండగా మా చిన్నాయన ఎనుము అందులో పడింది. మోకులు కట్టి పదిమంది సాయంత్రం దాకా లాగారు. గోడ నిట్టనిలువు, దానికి కాలు పెట్టే చోటు లేదు. పైకి తేలేకపోయారు. క్వారీ యజమాని అప్పటికే వేరే చోట లీజు తీసుకుని వెళ్లిపోయాడు. మా నాయన లెక్కల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. కూలి, మందుగుండు, లారీ బాడుగ, రాయల్టీ, దసరాకి కొట్టిన టెంకాయ దాకా అన్నిటికీ పద్దులున్నాయి. గుంత పూడ్చడానికి అని ఒక్క పద్దు లేదు. ఆయన తప్పు కాదు, ఆ రోజుల్లో అలా రాయాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

పెద్ద కంపెనీలు ఇప్పుడు ఆ పద్దు రాయక తప్పదు. గని తవ్వకం మొదలైనప్పటి నుంచే, రేపు దాన్ని మూసి, నేల సర్దడానికి అయ్యే ఖర్చును అప్పుగా చూపించాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ముప్పై ఏళ్ల తర్వాత పెట్టాల్సిన వంద డాలర్లను ఈనాటి విలువకు తగ్గించి రాస్తారు. ఏటా రెండు శాతం లెక్కన తగ్గిస్తే అది 55 డాలర్లు. నాలుగు శాతం లెక్కన తగ్గిస్తే 31. గుంత అంతే ఉంది, మట్టి అంతే ఉంది, పుస్తకంలో అప్పు మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది. అందుకని మొత్తం ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఆ తగ్గించే శాతం, అంటే డిస్కౌంట్ రేటు, ఎంత, నిరుటి కంటే మారిందా, మారితే ఎందుకు అని చూడు. ఆ ఒక్క లైను కోసమే నేను ఎన్నో రిపోర్టులు తిరగేశాను.

ప్రశ్న: అమ్మా, మాది తుగ్గలి మండలం. మా చేన్లో మిషన్ పెట్టి డ్రిల్లింగ్ చేసి పోయారు. ఇప్పుడేమో 'భారీ నిక్షేపాలు' అని పేపర్లో వచ్చింది. బ్రోకర్లు ఇంటి చుట్టూ తిరుగుతున్నారు. టెన్షన్‌గా ఉంది. ఆ మాట నమ్మొచ్చా?

జవాబు: అన్నా, మన పేపర్లు 'నిక్షేపం' అన్న ఒక్క మాటతో రెండు వేర్వేరు సంగతులు చెప్పేస్తాయి. గొడవంతా అక్కడే. గనుల లెక్కల్లో ఒకటి వనరు, ఇంకొకటి నిల్వ. భూమిలో ఇంత ఉండొచ్చు అన్నది వనరు. అందులోనూ మూడు మెట్లున్నాయి. అన్నిటికన్నా కింది మెట్టు, దూరం దూరంగా వేసిన కొద్దిపాటి బోర్లను బట్టి కట్టిన అంచనా. దాన్ని ఏ కంపెనీ నిల్వ అని చెప్పుకోకూడదు. తవ్వితే ఖర్చులు పోను మిగులుతుంది అని కనీసం ప్రాథమిక సాధ్యత అధ్యయనం చేసి తేల్చిన భాగమే నిల్వ. మా నాయన పుస్తకంలోనూ ఇలాగే రెండు వరుసలుండేవి, తీసిన బండ ఒకటి, తీయాల్సిన రాయి ఒకటి. ఆ రెంటినీ ఆయన ఎప్పుడూ కలిపి కూడలేదు.

అమెరికాలో లిస్టయిన కంపెనీలకు 2021 నుంచి ఎస్‌-కె 1300 అనే నిబంధనలు వచ్చాయి. వనరు, నిల్వ విడివిడిగా చూపాలి. ఆ లెక్కకు అర్హత గల నిపుణుడు బాధ్యత తీసుకోవాలి. ఇలాంటివే ఆస్ట్రేలియాకు జోర్క్ కోడ్ ఉంది, కెనడాకు 2001లో వచ్చిన 43-101 అనే నిబంధన ఉంది.

కెనడాకు ఆ నిబంధన ఊరికే రాలేదు. 1990లలో బ్రె-ఎక్స్ అనే కంపెనీ ఇండోనేషియాలో బుసాంగ్ దగ్గర బంగారం దొరికిందని చెప్పింది. షేరు ఆకాశానికి వెళ్లింది, కంపెనీ విలువ 600 కోట్ల కెనడా డాలర్ల దాకా చేరింది. 1997లో ఇంకొకరు వచ్చి బోరు వేసి చూస్తే ఏమీ లేదు. పరీక్షకు పంపిన రాతి పొడిలో ఎవరో బంగారం కలిపారు. డ్రిల్లింగ్‌లో రాయి కడ్డీలా బయటికి వస్తుంది కదా, నీ చేన్లో చూసే ఉంటావు. దాన్ని నిలువునా రెండుగా కోసి, సగం పరీక్షకు పంపి, సగం పెట్టెలో దాచాలి, రేపు ఎవరైనా సరిచూడాలంటే ఉండాలని. బ్రె-ఎక్స్ వాళ్లు మొత్తం రాయినీ పొడి చేసేశారు. దాచిన సగం లేదు, సరిచూసే దారి లేదు.

మీ వైపు తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాలు వెతుకుతారు. దొరికిన వజ్రం చేతిలో ఉంటుంది, కళ్లకు కనిపిస్తుంది. రాతిలో బంగారం అలా కాదు, టన్ను రాయికి గ్రాముల్లో లెక్క. అది తవ్వదగ్గదా కాదా అన్నది ధర మీద, కరెంటు మీద, నీళ్ల మీద ఆధారపడుతుంది. పైగా డ్రిల్లింగ్ అనుమతి వేరు, తవ్వకం లీజు వేరు. బ్రోకరు ఏ కాగితం చూపించినా, అందులో ఉన్నది వనరా నిల్వా అని అడుగు. తర్వాత జిల్లా గనుల శాఖ ఆఫీసుకు వెళ్లి నీ సర్వే నంబరు ఏ లీజులోనైనా ఉందో లేదో కనుక్కో. అమ్మాలా వద్దా అన్నది నేను చెప్పలేను. ఆ రెండూ తెలిసేదాకా అడ్వాన్స్ మాత్రం తీసుకోవద్దు.

ప్రశ్న: కడపలో డిగ్రీ చదువుతున్నాను మేడమ్. అన్ని కంపెనీల రిపోర్టుల్లోనూ 'భద్రతే మా మొదటి ప్రాధాన్యం' అని ఉంటుంది. ఆ మాటకు ఎవరైనా ఎప్పుడైనా జవాబు చెప్పారా?

జవాబు: చెప్పించారమ్మా, ఆలస్యంగా. 2019 జనవరి 25న బ్రెజిల్‌లో బ్రుమాడిన్యో దగ్గర వాలే కంపెనీ ఇనుప గని వ్యర్థాల కట్ట తెగింది, ఖనిజం తీశాక మిగిలే బురదను నిలిపే కట్ట అది. మధ్యాహ్నం భోజనాల వేళ. కట్ట కిందనే కంపెనీ క్యాంటీన్. 270 మంది పోయారు. అంతకు మూడేళ్ల ముందే, 2015 నవంబరు 5న, అదే రాష్ట్రంలో వాలే, బీహెచ్‌పీ అనే ఇంకో గనుల కంపెనీ కలిసి నడిపే సమార్కో గని కట్ట తెగి 19 మంది చనిపోయారు. ఆ తర్వాత కూడా వాలే తన కట్టలు భద్రమని తన సస్టైనబిలిటీ నివేదికల్లో, అంటే పర్యావరణం, భద్రత గురించి వేసే పుస్తకాల్లో, రాసుకుంటూ వచ్చింది. 2022 ఏప్రిల్‌లో ఎస్‌ఈసీ కేసు పెట్టింది ఆ రాతల మీదే. 2023 మార్చిలో 5 కోట్ల 59 లక్షల డాలర్లు కట్టి రాజీకి వచ్చారు. చనిపోయినవాళ్ల ముందు ఆ డబ్బు ఏపాటిది! కానీ మొక్కల ఫోటోలుండే ఆ రంగుల పుస్తకం మీద కూడా కేసు పడుతుందని దాంతో తేలింది.

2020 ఆగస్టులో వ్యర్థాల కట్టలకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది. దాని ప్రకారం ఒక్కో కట్ట పేరు, తెగితే కింద ఎంత నష్టం జరుగుతుందన్న వర్గీకరణ బయటపెట్టాలి. రిపోర్టు చదివేటప్పుడు 'భద్రత' అన్న మాట కోసం వెతకొద్దు, ఆ కట్టల పట్టిక ఉందో లేదో వెతుకు.

ప్రశ్న: నేను కడప జిల్లాలో ఒక పంచాయతీ వార్డు మెంబర్ని. మా పక్కన సున్నపురాయి గని ఉంది. కంపెనీ చాలా పెద్దది. వాళ్ల వార్షిక నివేదికలో మా ఊరి పేరే లేదు. మాకు దాంతో ఏం పని?

జవాబు: అందులో ఉండదు తమ్ముడూ. పెద్ద కంపెనీ వార్షిక నివేదిక షేర్లు కొన్నవాళ్ల కోసం రాసేది. లాభానికి తేడా తెచ్చే గనులే అందులో పేరుతో కనిపిస్తాయి. మీకు కావాల్సిన కాగితాలు వేరే ఉన్నాయి.

పర్యావరణ అనుమతి ఉన్న ప్రతి గనీ, అనుమతిలో పెట్టిన షరతులు ఎలా పాటిస్తున్నదో ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లోనే ఉంది. అవి బహిరంగ పత్రాలు, దరఖాస్తు పెట్టిన ఎవరికైనా కాపీ ఇవ్వాలి. సెప్టెంబరు 30 లోపు కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చే పర్యావరణ నివేదిక వేరే ఉంది, నీళ్లు ఎంత వాడారు, వ్యర్థం ఎంత వచ్చింది అన్నవి అందులో ఉంటాయి. ముందు అనుమతి పత్రం కాపీ సంపాదించు. అందులో షరతులు నంబర్ల వారీగా ఉంటాయి. దుమ్ముకు నీళ్లు చల్లాలి, బావుల్లో నీటి మట్టం కొలవాలి, పేలుళ్లు ఇన్ని గంటల మధ్యే అని. ఆ నంబర్లు పట్టుకుని జూన్ నివేదిక పక్కన పెట్టి, మీ ఊరి బావి దగ్గర నిలబడి చదువు. 'పాటిస్తున్నాం' అని రాసిన చోట మీకు కనిపించేది ఏమిటో తేదీతో సహా రాసుకో. గ్రామసభలో మాట్లాడటానికి ఆ కాగితం చాలు.

ఇంకోటి డబ్బు సంగతి. 2015 నుంచి గని లీజుదార్లు రాయల్టీ మీద అదనంగా జిల్లా ఖనిజ ఫౌండేషన్ అనే నిధికి కట్టాలి. ఆ ఏడాది జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చిన వాటికి 10 శాతం. ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం. ప్రభావిత గ్రామాల జాబితాలో మీ ఊరుందో లేదో కలెక్టరేట్లో అడుగు. లేకపోతే మొదటి అర్జీ దాని మీదే పెట్టు.

ప్రశ్న: మా ఆయనకి విదేశీ గని కంపెనీ షేర్లు నలభై వేల రూపాయల దాకా ఉన్నాయి. ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులో చూపించాలా? ఇంత చిన్న మొత్తానికి కూడానా? – అనంతపురం పాఠకురాలు

జవాబు: చూపించాలమ్మా. ఇక్కడ నివాసి అయితే, మొత్తం ఎంత చిన్నదైనా, రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాకుండా మొత్తం ఇరవై లక్షలు మించకపోతే చూపించనందుకు వేసే పది లక్షల జరిమానా ఉండదన్నారు. అంతమాత్రాన చూపించనక్కర్లేదని కాదు. డివిడెండ్ వస్తే అది కూడా ఆదాయంలో కలపాలి. అక్కడ పన్ను కోసుకుని ఉంటే ఆ స్టేట్‌మెంట్ దాచిపెట్టమనండి, ఇక్కడ సర్దుబాటుకు పనికొస్తుంది. చాలామంది తప్పు చేసేది ఒక చోట. ఆ షెడ్యూల్‌కు లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా, మన ఏప్రిల్–మార్చి కాదు.