బాలింతకు పాదాల మర్దన: ముందు పిక్కలు చూడండి

అమ్మా, బొబ్బిలిలో సిజేరియన్ అయి ఆరు రోజులైన మీ అక్కకు నొప్పి తగ్గడానికి పాదాల రిఫ్లెక్సాలజీ (పాదంలో ఒక్కో చోటు ఒక్కో అవయవానికి ముడిపడి ఉంటుందనే నమ్మకంతో నొక్కే మర్దన) చేయించవచ్చా అని అడిగారు. చేయించవచ్చు. ముందు రెండు పిక్కలూ పోల్చి చూడండి. ఒకటే వాచి, ఎర్రగా, వెచ్చగా, నొప్పిగా ఉంటే చేయి వేయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాన్పయ్యాక ఆరు వారాల వరకు కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. బాలింతను మంచం దిగనివ్వని మన అలవాటు దాన్ని ఇంకా పెంచుతుంది (అత్తగారికి నచ్చజెప్పే పని మీదే!).

అలాంటిదేమీ లేకపోతే గోరువెచ్చని నువ్వుల నూనెతో ఒక్కో పాదాన్ని పది నిమిషాలు మెత్తగా నిమిరితే చాలు. మడమ పక్కన గర్భాశయ స్థానం చూపే పటాలు 1930లలో అమెరికాలో యూనిస్ ఇంగమ్ అనే ఫిజియోథెరపిస్టు ప్రచారం చేసినవి. వాటిని నేను నమ్మను. మర్దన ఇచ్చే హాయి మాత్రం నిజం. డాక్టరు రాసిన నొప్పి మాత్రలు మాన్పించవద్దు.